తొక్కిపెట్టిన ఫైలుకు పేరూ తేదీ: నియామకాలపై ఒక పౌర ప్రణాళిక

నియామకాన్ని అడ్డుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కాదని చెప్పడం. రెండోది, ఏమీ చెప్పకుండా ఫైలు తొక్కిపెట్టడం. కాదన్నవారి పేరు, కారణం కాగితం మీదకు వస్తాయి. తొక్కిపెట్టినవారికి ఆ ఇబ్బంది లేదు. చెన్నైలోని తెలుగు పౌరుల బృందం ప్రకటిస్తున్న ఈ ప్రణాళికకు మొదటి దారితో పేచీ లేదు, రెండోదానితోనే ఉంది.

ఈ విద్యలో ఆరితేరింది అమెరికా సెనేట్. అక్కడ రోజువారీ పని చాలావరకు ఏకగ్రీవ సమ్మతితో సాగుతుంది. కాబట్టి ఒక్క సభ్యుడు తన పార్టీ నాయకుడి చెవిలో అభ్యంతరం వేస్తే చాలు, నామినేషన్ నిలిచిపోతుంది. దీన్ని ‘హోల్డ్’ అంటారు. అభ్యంతరం ఉందని సభలో వినిపించేది. ఎవరిదో మాత్రం చాలాకాలం సాటి సభ్యులకు కూడా తెలిసేది కాదు. వేర్వేరు పార్టీలకు చెందిన సెనేటర్లు చక్ గ్రాస్లీ, రాన్ వైడెన్ ఏళ్ల తరబడి పట్టుబట్టగా, రెండు సభాదినాల్లోగా పేరు బయటపెట్టాలన్న తీర్మానం 2011 జనవరి 27న 92-4 ఓట్లతో నెగ్గింది. హోల్డు పోలేదు, చాటు తగ్గింది. 2023లో సెనేటర్ టామీ ట్యూబర్‌విల్ నాలుగు వందలకు పైగా సైనికాధికారుల పదోన్నతులను నెలల తరబడి ఆపినప్పుడు, ఆపినదెవరో అందరికీ తెలుసు. ఒత్తిడి నేరుగా ఆయన మీదే పడింది. డిసెంబరులో దాదాపు అన్నిటినీ వదిలేశారు.

భారతదేశంలో ఇలాంటి నియామకాలపై చట్టసభ సభ్యులకు ఓటు లేదు. ఇక్కడ తొక్కిపెట్టే పని గవర్నర్ కార్యాలయంలోనో, ఢిల్లీలోని న్యాయశాఖలోనో జరుగుతుంది. హైకోర్టు న్యాయమూర్తి ఫైలు నడిచే దారి చూస్తే ఎంత చోటుందో అర్థమవుతుంది. హైకోర్టు కొలీజియం (సీనియర్ న్యాయమూర్తుల బృందం) పేరు పంపాలి, ముఖ్యమంత్రి, గవర్నర్ అభిప్రాయం చేరాలి, ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదిక జతపడాలి, సుప్రీంకోర్టు కొలీజియం ఆమోదించాలి, తిరిగి న్యాయశాఖకు వెళ్లాలి. ఏ మెట్టు మీద కూర్చున్నా బయటికి వచ్చే జవాబు ఒకటే: పరిశీలనలో ఉంది.

మద్రాసు హైకోర్టుకు న్యాయవాది ఆర్. జాన్ సత్యన్ పేరును సుప్రీంకోర్టు కొలీజియం 2022 ఫిబ్రవరి 16న సిఫార్సు చేసింది. ఆయన సామాజిక మాధ్యమంలో పంచుకున్న రెండు పోస్టులను నిఘా నివేదిక ఎత్తిచూపింది. అందులో ఒకటి ప్రధానమంత్రిని విమర్శించిన వ్యాసం. 2023 జనవరి 17న కొలీజియం ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చి, కారణాలను ప్రచురించి, పేరును మళ్లీ పంపింది. అదే రోజు సిఫార్సయిన మరో పేరు మూడు వారాల్లో ప్రమాణస్వీకారం దాకా వెళ్లింది. సత్యన్ పేరు మాత్రం కదల్లేదు. సీనియారిటీ పోతోందని మార్చి 21న కొలీజియమే ఆందోళన చెప్పాల్సివచ్చింది. ఏకగ్రీవంగా తిరిగి పంపిన పేరును మూడు నాలుగు వారాల్లో నియమించాలని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లోనే చెప్పి ఉంది!

చేపాక్‌లోని మద్రాసు విశ్వవిద్యాలయానిది మరో కథ. 2023 ఆగస్టులో వైస్ ఛాన్సలర్ పదవి ఖాళీ అయింది. అన్వేషణ సంఘంలో యూజీసీ ప్రతినిధి ఉండాలని గవర్నర్, అక్కర్లేదని రాష్ట్ర ప్రభుత్వం. పంతం ఇరువైపులదీ, బండి మాత్రం కన్వీనర్ కమిటీ మీద నడిచింది.

తెలంగాణ ఉదాహరణలో రెండు దారులూ పక్కపక్కనే కనిపిస్తాయి. 2021 ఆగస్టులో గవర్నర్ కోటా ఎమ్మెల్సీగా పాడి కౌశిక్ రెడ్డి పేరును మంత్రివర్గం పంపింది. గవర్నర్ తమిళిసై నిర్ణయం చెప్పకుండా ఉంచారు. చివరికి ప్రభుత్వమే ఆయన్ను ఎమ్మెల్యే కోటాకు మార్చుకుంది. 2023 సెప్టెంబరులో, అదే కోటాకు మంత్రివర్గం పంపిన దాసోజు శ్రవణ్, కుర్రా సత్యనారాయణ పేర్లను ఆమె రాతపూర్వకంగా, కారణాలు చెప్పి తిరస్కరించారు. రాత ఉంది కాబట్టి కోర్టుకు వెళ్లే వీలు దొరికింది. 2024 మార్చిలో హైకోర్టు ఆ తిరస్కరణను కొట్టేసింది. మౌనాన్ని సవాలు చేయడం అంత తేలిక కాదు.

గవర్నర్లకు, రాష్ట్రపతికి బిల్లుల విషయంలో కోర్టులు గడువులు విధించలేవని 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అది బిల్లుల మాటే అయినా, నియామకాల్లోనూ గడువు మీదే ఆధారపడలేమని మాకు అనిపిస్తోంది. అందుచేత ఈ బృందం గడువుకన్నా ముందు బహిరంగతను కోరుతోంది. ఫైలు ఏ కార్యాలయానికి ఏ తేదీన చేరిందో, ఎవరి బల్ల మీద ఉందో ప్రతి నెలా ప్రకటించాలి. అభ్యంతరం ఉంటే పెట్టినవారి హోదా, కారణం రాతలో ఉండాలి. వ్యక్తిగత జీవితానికి సంబంధించిన సమాచారాన్ని సీల్డ్ కవర్లో అభ్యర్థికి మాత్రమే ఇవ్వవచ్చు. అడ్డుకున్న కార్యాలయం పేరుకు మాత్రం ఆ మినహాయింపు లేదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, అభ్యర్థి నచ్చినా నచ్చకపోయినా ఇదే కొలత. ఏదైనా నియామకంపై ఈ బృందం అభ్యంతరం పంపితే, దాని కిందా సంతకాలు, తేదీ ఉంటాయి.