ఎస్‌ప్రింట్‌ఎఫ్ అను ఉద్యోగి బదిలీలు

గత సంచిక వెలువడిన తరువాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరములలో ఒకటి మమ్ములను చాలసేపు ఆలోచింపజేసినది. వ్రాసినవారు నియంత్రణ వ్యవస్థల విభాగములో చేరి రెండేండ్లయినను నిండని యువ ఇంజనీరు. 1990 దశకపు తొలి సంవత్సరములలో సి భాషలో వ్రాయబడి, నేటికిని పని చేయుచున్న ఒక ప్రోగ్రామును సవరించు పని ఆమెకు అప్పగించినారు. యంత్రముల రీడింగులను గంటగంటకు ఒక్కొక్క వరుసగా కూర్చి ముద్రించుట ఆ ప్రోగ్రాము పని. యంత్రముల గుర్తింపు సంఖ్యలు 8 అక్షరముల నుండి 12 అక్షరములకు పెరిగినవి గనుక వరుసను పొడిగించవలెను. సరిగా ఆ చోటనే పూర్వపు ఉద్యోగి ఎవరో ఒక హెచ్చరిక వ్రాసి ఉంచినారు: “దీనిని మార్చుటకు ముందు 7.9.6.5 చూడుడు.”

ఆమె చూచినది. గ్రంథాలయమునుండి తెచ్చుకొన్న 2011 నాటి సి ప్రమాణ గ్రంథములో 7.9 విభాగము తెరువగా, కొన్ని గుర్తులకు బదులుగా వాడదగిన మారురూపముల ప్రస్తావన తప్ప మరేమియు కనబడలేదు. 7.9.6 అను ఉపవిభాగమే లేదు. ప్రక్క సీటులోని సీనియరు ఒకరు “ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల విభాగమునకు ఇప్పుడు 7.21 నంబరు వచ్చినదమ్మా, వెనుకనున్న అంకెలు మాత్రము అవే” అని దారి చూపినారు. 7.21.6.5 తెరువగా అక్కడ ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ అను ఫంక్షను ఉన్నది. ప్రోగ్రాములో ఉన్నది ఎస్‌ప్రింట్‌ఎఫ్. రెండింటికి ఇచ్చు వివరముల లెక్కయే సరిపోవుట లేదు. “ఏది తప్పు? ప్రోగ్రామా, హెచ్చరికయా, పుస్తకమా?” అని ఆమె ప్రశ్న.

మూడింటిలో ఏదియు తప్పు కాదు. ఆ హెచ్చరిక వ్రాసిన దినమున అది అక్షరాల సత్యము.

కంప్యూటరుతో సంబంధము లేని పాఠకులకు ఒక మాట చెప్పవలెను. ప్రోగ్రామింగు భాషకు ఉండు నిర్దేశ గ్రంథమును నవల వలె మొదటినుండి తుదివరకు ఎవరును చదువరు. దానిని నిఘంటువును వాడినట్లు వాడుదురు. మన తెలుగు నిఘంటువులలో ఒక మాట యెదుట అర్థమునకు బదులు “చూ.” అని వ్రాసి మరియొక మాటను చూపుట పాఠకులెరిగినదే. భాషా నిర్దేశ గ్రంథములలో ఇట్టి “చూడుడు”లు అడుగడుగునను ఉండును. ఒక విషయమును రెండుచోట్ల చెప్పినచో, రేపు ఒకచోట సవరించి రెండవచోట మరచెదరను భయముచే, ఒక్కచోట చెప్పి తక్కిన చోట్లనుండి అక్కడికి దారి చూపుదురు. సి ప్రమాణ గ్రంథములోనైతే అనేక విభాగముల చివర, ముందు రాబోవు ఏయే విభాగములను చూడవలెనో ఒక పట్టికయే యిచ్చెదరు. గ్రంథమునకు బయట కూడ, అనగా ప్రోగ్రాములలో, పాఠ్య పుస్తకములలో, ఒప్పంద పత్రములలో, లెక్కకందనన్ని “చూడుడు”లు అదే గ్రంథమువైపు వేలు చూపుచుండును. లోపలివానిని సరిచేయు బాధ్యత గ్రంథకర్తలది. బయటివాని సంగతి వారికి తెలియనే తెలియదు.

ఇక మన ఎస్‌ప్రింట్‌ఎఫ్ సర్వీసు రికార్డు చూతము. 1989లో అమెరికా ప్రమాణముగా సి భాష మొదట వెలువడినప్పుడు ఆయన నివాసము 4.9.6.5. మరుసటి సంవత్సరమే అంతర్జాతీయ ప్రమాణ సంస్థ ఆ గ్రంథమును స్వీకరించినది. భాషలో మార్పేమియు లేదు. కాని అంతర్జాతీయ గ్రంథముల పద్ధతి ననుసరించి ముందు అధ్యాయములను పెంచవలసి వచ్చినందున 2, 3, 4 అధ్యాయములు 5, 6, 7 అయినవి. ఆ కాలమున సి నేర్చుకొన్నవారికి “మొదటి అంకెకు 3 కూడుము” అను సూత్రము కంఠస్థము. ఆ విధముగా 1990లో చిరునామా 7.9.6.5 అయినది. 1999లో క్రొత్త హెడర్లు అనేకము చేరి 7.9 కాస్తా 7.19 అయినది. 2011లో ముందువరుసలో ఇంకొక రెండు చేరి 7.21 అయినది. 2018 కూర్పులో ఆయనను కదల్చలేదు. 2024లో వెలువడిన కూర్పులో మరి రెండు చేరగా 7.23 అయినది. ఇన్ని బదిలీలు మన సంస్థలో కూడ అరుదు!

వీనిలో 1999 నాటి బదిలీని జాగ్రత్తగా గమనింపవలెను. విభాగము తరలుటతోపాటు విభాగములోపల కుర్చీ కూడ మారినది. ఆ సంవత్సరము ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ అను క్రొత్తవాడు చేరినాడు. అక్కడ ఫంక్షనులను ఆంగ్ల అక్షరక్రమములో కూర్చుండబెట్టినారు. పి కంటె ఎన్ ముందు వచ్చును గనుక ఐదవ కుర్చీ క్రొత్తవానికి ఇచ్చి, పాతవానిని ఆరవ కుర్చీకి జరిపినారు. నాటినుండి ఎస్‌ప్రింట్‌ఎఫ్ చిరునామా 7.19.6.6, ఆపైన 7.21.6.6, ఇప్పుడు 7.23.6.6. “వెనుకనున్న అంకెలు అవే” అన్న సీనియరు మాట మొదటి నాలుగు కుర్చీల వరకు నిజమే. ఐదవదానినుండి చెల్లదు.

ఒక్క కుర్చీ తేడాకు ఇంత రాద్ధాంతమా అందురేమో. ఈ రెండు ఫంక్షనులు చేయు పని ఒకటే: అంకెలను, మాటలను కలిపి ఒక వరుసగా కూర్చి, కంప్యూటరు జ్ఞాపకములో మనము చూపిన చోట పోయుట. కాని ఎస్‌ప్రింట్‌ఎఫ్ చెంబు ఎంత పెద్దదో అడుగదు. బిందెలో ఉన్నదంతయు పోయును. పొర్లినది ప్రక్కనున్న ఇతర సమాచారముమీద పడును. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ చెంబు కొలతను ముందుగా అడిగి, అంతకు మించి పోయదు. కావున పాత హెచ్చరికను నమ్మి క్రొత్త గ్రంథములోని ఐదవ భాగము చదివినవానికి “కొలతకు మించి వ్రాయబడదు” అను అభయము దొరకును. ప్రోగ్రాములో ఉన్న ఫంక్షనుకు ఆ అభయము లేనే లేదు. గుర్తింపు సంఖ్యను 4 అక్షరములు పొడిగించి, చెంబును పాత కొలతతోనే ఉంచినచో ఏమగునో చెప్పనవసరము లేదు. జాగ్రత్తపడుమని చెప్పుటకు వ్రాసిన వాక్యమే జాగ్రత్త అవసరము లేదని చెప్పునట్లయినది. వివరముల లెక్క సరిపోలేదని ఆమె ఆగి అడుగుట మెచ్చదగిన పని. “ఏదో అచ్చుతప్పు” అని దాటిపోవువారే ఎక్కువ.

చెడిన సూచనలు రెండు రకములు. 7.9.6.5 వలె చూపిన చోట ఏమియు లేకుండుట ఒకటి. తలుపు తట్టిన ఇల్లే లేనప్పుడు మనిషి మరల విచారించును. కావున దీనివలన చెరుపు తక్కువ. చూపిన చోట మరియొకరు కాపురముండుట రెండవది. 1999 గ్రంథములో 7.21.6.3 అనగా ఒక పదబంధము పొడవును లెక్కించు ఎస్‌టిఆర్‌లెన్. 2011 గ్రంథములో అదే 7.21.6.3 అనగా ప్రింట్‌ఎఫ్. అంకె అదే, తలుపు తెరుచుకొనును, లోపలివారు వేరు.

ఈ చిక్కు కంప్యూటరు వారికే పరిమితము కాదు. మోసగానిని “ఫోర్ ట్వంటీ” అనుట మన వాడుక. అది 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 420వ సెక్షను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. అందులో ఉన్నవే 358 సెక్షనులు. 420 అను ఇల్లే లేదు. ఆ నేరము ఇప్పుడు 318(4). అది మొదటి రకము. హత్యకు శిక్ష విధించు 302 ఇప్పుడు 103 అయినది. క్రొత్త సంహితలోను 302 ఉన్నది గాని, అది మతభావములను గాయపరచు ఉద్దేశముతో పలుకు మాటలకు సంబంధించినది. అది రెండవ రకము. మన రాజ్యాంగమును సవరించినవారు దీనికి భిన్నమైన దారి పట్టినారు. 2002లో విద్యాహక్కును చేర్చినప్పుడు తరువాతి అధికరణములనన్నింటిని జరుపక 21-ఏ అని పేరిడినారు. 1978 సవరణతో ఆస్తిహక్కునకు చెందిన 31వ అధికరణము తొలగినది. ఆ అంకెను వేరొకరికి ఇయ్యలేదు.

ఏడా భాష గ్రంథకర్తలది సరిగా ఈ పద్ధతి. (లార్డ్ బైరన్ కుమార్తె ఏడా లవ్‌లేస్ పేర వెలసిన భాష యిది. అమెరికా రక్షణ శాఖ దాని ప్రమాణమునకు ఆమె జన్మసంవత్సరమైన 1815నే సంఖ్యగా ఇచ్చినది.) 1995 నాటి గ్రంథములో ప్రతి పేరాకు అంచున ఒక అంకె ఉన్నది. తరువాతి సవరణలలో 5కు, 6కు నడుమ క్రొత్త పేరా చేరినచో దానికి 5.1 అని అంకె వేసి, ఒక గీత గీసి, ఎన్నవ సవరణలో వచ్చినదో ప్రక్కన వేయుదురు. పేరాను తీసివేసినచో అంకె అట్లే ఉండును, “ఈ పేరా తొలగించబడినది” అను మాట మాత్రము మిగులును. చూచుటకు అందముగా ఉండదు. కాని పాత సూచన పట్టుకొని వచ్చినవాడు మోసపోడు. మా దృష్టిలో ఆ వికారము సహింపదగినదే.

సి ప్లస్ ప్లస్ వారు మరియొక ఉపాయము పన్నినారు. ప్రతి విభాగమునకు అంకెతోపాటు చదరపు కుండలీకరణములలో ఒక చిన్న పేరుండును. వస్తువుల జీవితకాలమును చెప్పు విభాగమునకు “బేసిక్.లైఫ్” అని పేరు. కూర్పు కూర్పునకు అంకెలు ఎటుపోయినను పేరు నిలుచును. అట్లని పేర్లు ఎన్నటికిని పోవని కాదు. అందుకే 2017 కూర్పు చివర, 2014 కూర్పులోని ఏ పేర్లు తొలగినవో, ఏవి ఎక్కడికి చేరినవో ఒక జాబితా ఇచ్చినారు. ఇది మనకు క్రొత్త కాదు. పద్యమును ఎత్తుగడ చెప్పి గుర్తు పట్టుట మన అలవాటు. ఏ ముద్రణలో ఎన్నవ పద్యమైనను ఎత్తుగడ మారదు.

అంకెలు వేయు పనిని యంత్రమునకు అప్పగించుట కూడ పాతబడిన విషయమే. డొనాల్డ్ నూత్ రచించిన టెక్ మీద లెస్లీ లాంపోర్ట్ 1980 దశకములో నిర్మించిన లేటెక్‌లో, రచయిత విభాగమునకు ఒక గుర్తు పెట్టి, సూచన చేయుచోట ఆ గుర్తును మాత్రము వ్రాయును. యంత్రము మొదటి పర్యాయము గ్రంథమంతయు నడిచి ఏ గుర్తునకు ఏ అంకె వచ్చినదో వ్రాసికొని, రెండవ పర్యాయము ఆ అంకెలను నింపును. దొరకని గుర్తు ఉన్నచోట రెండు ప్రశ్నార్థకములు అచ్చగును. పైథాన్ భాష గ్రంథములు 2008 నుండి స్ఫింక్స్ అను పరికరముతో తయారగుచున్నవి. అందులో ఫంక్షను పేరే సూచన.

ఇంతమాత్రమున నిశ్చింతగా ఉండవచ్చునా? యంత్రము చూడగలిగినది గుర్తు ఉన్నదా లేదా అనునదే. ఒక విభాగము పెరిగి రెండుగా చీలినదనుకొందము. పాత గుర్తు మొదటి ముక్కతో ఉండిపోవును. మనము చూపదలచిన వాక్యము రెండవ ముక్కలోనికి పోవును. యంత్రము ఏ ఫిర్యాదును చేయదు. చీల్చినవాడే, ఆ విభాగమువైపు ఎవరెవరు వేలు చూపుచున్నారో వెదకి, ఒక్కొక్క వాక్యమును చదివి, ఏ ముక్కకు పంపవలెనో తేల్చవలెను. ఈ పని విసుగు పుట్టించును. దీనికి మెచ్చుకోలు రాదు. 1960లో పీటర్ నౌర్ సంపాదకత్వమున వెలువడిన ఆల్గోల్ 60 నివేదికలోనే ఇందుకు సాధనమున్నది. దాని చివరనున్న అకారాదిలో ప్రతి భావన యెదుట, అది ఎక్కడ నిర్వచింపబడినది అనునదే గాక, ఏయే సూత్రములలో వాడబడినది అను అంకెలు కూడ కలవు. రాకపోకలు రెండును తెలియును గనుక, ఒక నిర్వచనమును ముట్టుకొన్నవానికి ఎవరెవరి తలుపు తట్టవలెనో ముందే తెలియును.

మన కర్మాగారములో డ్రాయింగు సంఖ్యను రివిజను సంఖ్య లేకుండ ఉటంకించినచో తనిఖీ చేయు అధికారి కాగితము త్రిప్పి పంపును. అదే మనుష్యులు ప్రోగ్రాములలో, నిర్వహణ సూచికలలో “మాన్యువల్ 7.9.6.5 చూడుడు” అని వ్రాసి, ఏ సంవత్సరపు మాన్యువలో చెప్పకుండుట మాకు అర్థము కాదు. “ఎస్‌ప్రింట్‌ఎఫ్, సి ప్రమాణము 1990, 7.9.6.5, పరిమాణపు తనిఖీ లేదు” అని వ్రాయుటకు పట్టునది అర నిమిషము. పేరు ఉన్నచో అంకె పోయినను దొరకును. సంవత్సరము ఉన్నచో ఏ పుస్తకము తీయవలెనో తెలియును. చివరి మూడు మాటలున్నచో పుస్తకము దొరకకపోయినను అపాయము తప్పును. మన విభాగములలోని పాత ప్రోగ్రాములలో ఇట్టి సూచనలు ఎన్ని ఉన్నవో వెదకి పట్టిక చేయుట, క్రొత్తగా చేరిన ట్రైనీలకు ఒక వారము పని. వారు భాషను నేర్చుకొనుటకు కూడ అది ఉపయోగించును.

ఈ వ్యాసము వ్రాయు సందర్భమున మేము సాంకేతిక గ్రంథాలయమునకు పోగా, 1990 నాటి సి ప్రమాణ గ్రంథపు ప్రతి “పాతబడినవి – తొలగింపదగినవి” అను జాబితాలో కనబడినది. ఆ ప్రతిని చూపుచున్న ప్రోగ్రాములు నడుచుచున్నంత కాలము దానిని తీసివేయవద్దని గ్రంథాలయాధికారికి వ్రాతపూర్వకముగా విన్నవించినాము. వారు అంగీకరించి, దానిని 2011 ప్రతి ప్రక్కనే ఉంచినారు. రెండవ అంతస్తు, కిటికీ వైపు అలమార, క్రింది అర.