ఉపాధ్యాయునికీ ఒక కోచ్ కావాలి

ఆటగాడికి కోచ్ ఎందుకని ఎవరూ అడగరు. ఎంతటి బ్యాట్స్‌మన్ అయినా తన లోపాన్ని తానే చూసుకోలేడు. పక్కన నిలిచి చూసేవాడు చెప్పవలసిందే. అయితే గదినిండా పిల్లల మధ్య రోజంతా నిలబడే ఉపాధ్యాయునికి అటువంటి తోడు అవసరమని మనకు తోచదు. ఏడాదికి ఒకటి రెండు రోజులు శిక్షణ శిబిరానికి పంపి, చేతిలో ఒక పుస్తకం పెట్టి, ఇక అంతా ఆయనే చూసుకుంటాడని తలుస్తాము.

ఈ నమ్మకం ఎంత బలహీనమైనదో అమెరికన్ విద్యావేత్తలు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లోనే హెచ్చరించారు. 2002లో వారు ప్రకటించిన అంచనా ప్రకారం, శిబిరంలో సిద్ధాంతం బోధించి, చేసి చూపి, అభ్యాసం చేయించినా, దానిని తరగతిలో ఆచరించేవారు నూటికి అయిదుగురు మాత్రమే. ఆ తరువాత తరగతి గదిలోనే ఒకరు తోడుగా నిలిస్తే, ఆ సంఖ్య 95కు చేరుతుంది. ఇవి అంచనాలే కావచ్చు. అయినా లోపం ఎక్కడున్నదో స్పష్టంగా చూపుతున్నాయి.

పిల్లల నడవడిని తీర్చిదిద్దే కృషిలో ఈ సూత్రం చక్కగా అక్కరకు వచ్చింది. అమెరికాలో 1997లో వికలాంగ బాలల విద్యాచట్టాన్ని సవరించినప్పుడు, ప్రవర్తన చదువుకు ఆటంకమయ్యే పిల్లల విషయంలో సానుకూల పద్ధతులను ఆలోచించాలన్న నిబంధన చేరింది. మరుసటి సంవత్సరం ప్రభుత్వ సహాయంతో ఒక జాతీయ కేంద్రం వెలిసింది. ఓరెగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జార్జ్ సుగాయ్, రాబర్ట్ హార్నర్ దానికి సారథులు. నేటికి పాతిక వేలకు పైగా పాఠశాలలు ఈ బాట పట్టాయి.

పద్ధతి కష్టమైనది కాదు. బడి మొత్తానికి మూడు నుంచి అయిదు నియమాలు ఉంటాయి. "అరవకు, పరుగెత్తకు" అనడానికి బదులు "గౌరవంగా, బాధ్యతగా, భద్రంగా ఉండు" అంటారు. వరండాలో, భోజనశాలలో, ఆటస్థలంలో ఆ మాటలకు అర్థమేమిటో పాఠంలాగే నేర్పుతారు. లెక్క తప్పిన పిల్లవాడికి మళ్ళీ లెక్క నేర్పుతాము. నడవడి తప్పినవాడిని మాత్రం బయటికి పంపుతాము. ఈ తేడాను తొలగించడమే ఈ కార్యక్రమం ఆశయం.

దీనిని నిలబెట్టే బాధ్యత బడిలోని కోచ్‌ది. సాధారణంగా అక్కడే పనిచేసే సలహాదారునికో, అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయునికో ఈ శిక్షణ ఇస్తారు. ఆయన మొదట నేర్చుకునేది చూడడం: అల్లరికి ముందు ఏం జరిగింది, తరువాత పిల్లవాడికి ఏం లభించింది? గణితం గంటలో గోల చేసే బాలుని బయటికి పంపారనుకుందాం. వాడు తప్పించుకోదలచినది గణితమే అయితే, మనం విధించిన శిక్ష వాడికి బహుమానమైనట్లే! రెండవది, లెక్కలు చదవడం. ప్రధానోపాధ్యాయుని గదికి పంపిన ప్రతి సందర్భాన్నీ చోటు, వేళ, కారణాలతో నమోదు చేస్తారు. కొట్లాటలన్నీ భోజనం వరుసలోనే జరుగుతున్నట్లు తేలితే, పిల్లలను దండించే ముందు ఆ వరుసను సరిదిద్దాలి. మూడవది, తోటి ఉపాధ్యాయునితో మాట్లాడే విధానం. ఇదే అన్నిటికన్నా కష్టం. పావుగంటలో ఎన్ని మెచ్చుకోళ్ళు, ఎన్ని మందలింపులు వినిపించాయో రాసిన కాగితం ఆ ఉపాధ్యాయునికే చేరాలి. అది పై అధికారి బల్లమీదికి వెళితే కోచ్ తనిఖీదారు అవుతాడు. ఆ క్షణం నుంచి ఎవరూ తమ ఇబ్బందిని ఆయనతో చెప్పుకోరు.

మేరీలాండ్ రాష్ట్రంలో 37 ప్రాథమిక పాఠశాలలను యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసి అయిదేళ్ళు పరిశీలించారు. శిక్షణ పొందిన వర్గంలోని బడులకు కోచ్‌ల తోడ్పాటు ఉన్నది. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ బడులలో ప్రధానోపాధ్యాయుని గదికి పంపడాలు, సస్పెన్షన్లు తగ్గాయి. మార్కులలో మాత్రం అంత స్పష్టమైన తేడా తేలలేదు. అయితే గది వెలుపల నిలబడిన పిల్లవాడికి ఆ రోజు పాఠం దక్కదన్నది మరచిపోరాదు.

మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్ ద్వారా, శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. బెత్తం చట్టరీత్యా పోయింది. దాని స్థానంలో ఏం చేయాలో ఉపాధ్యాయునికి ఎవరు నేర్పుతున్నారు? సర్క్యులర్ ఆ పని చేయలేదు. ఒక రోజు ఉపన్యాసమూ చేయలేదు. ప్రతి బడిలో ఓర్పు గల ఒక ఉపాధ్యాయుని ఎన్నుకొని, తగిన శిక్షణ ఇచ్చి, వారానికి కొన్ని గంటలు తోటివారి తరగతులలో కూర్చునే వీలు కల్పిస్తే ఆ లోటు కొంతైనా తీరుతుంది. పిల్లల పట్ల ఓర్పు వహించమని ఉపాధ్యాయుని కోరేవారు ముందుగా ఆయనకు ఒక తోడును సమకూర్చాలి.