నిచ్చెన ఎక్కినవారే నిచ్చెన లాగేస్తే

2016 జనవరి 11న అమెరికాలోని లూసియానా రాష్ట్ర గవర్నర్ పదవి నుంచి బాబీ జిందాల్ దిగిపోయారు. అక్కడ గవర్నర్ అంటే మన రాజ్‌భవన్‌లో ఉండే గవర్నర్ కాదు. ప్రజలు నేరుగా ఎన్నుకునే పాలకుడు, మన ముఖ్యమంత్రి వంటివాడు. బడ్జెట్‌ను ప్రతిపాదించేది ఆయనే, శాసనసభ ఆమోదించిన పద్దుల్లో నచ్చనిదాన్ని కొట్టివేయగలిగేదీ ఆయనే. సరిగ్గా నెల తిరిగాక, ఫిబ్రవరి 11న, అప్పటి కొత్త గవర్నర్ జాన్ బెల్ ఎడ్వర్డ్స్ టెలివిజన్‌లో ప్రజల ముందుకు వచ్చి ఖజానా సంగతి చెప్పారు. ఆ జూన్‌తో ముగిసే ఆర్థిక సంవత్సరంలోనే 90 కోట్ల డాలర్లకు పైగా లోటు. ఆ మరుసటి ఏడాదికి దాదాపు 200 కోట్ల డాలర్ల లోటు. విద్యార్థుల ఉపకార వేతనాల చెల్లింపులు సైతం ఆపాల్సి వస్తోందని ఆయన ప్రభుత్వం ప్రకటించింది.

2007లో జిందాల్ గెలిచినప్పుడు సంతోషించిన వారిలో నేనూ ఉన్నాను. అమెరికాలో ఒక రాష్ట్రానికి గవర్నరైన తొలి భారత సంతతి వ్యక్తి ఆయన. అదీ నల్లజాతివారు మూడోవంతు ఉన్న లూసియానాలో, జాత్యహంకారానికి పేరుబడ్డ దక్షిణాదిలో. తెల్లవాడు కానివాడు ఆ కుర్చీలో కూర్చుంటే అణగారినవారికి ఎంతో కొంత మేలు జరుగుతుందని అనుకున్నాను. సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో ఉండి, ఉపకార వేతనంతో చదువుకుని, మా ఇంట్లో తొలి పట్టభద్రుణ్ణయిన నాకు అలాంటి ఆశ సహజం. ఎనిమిదేళ్ల తరవాత ఆ ఆశను పరిశీలించుకోవాల్సిన బాధ్యత కూడా నాదే.

జిందాల్ ఎదిగిన తీరు చూడండి. ఆయన తల్లి పంజాబ్ నుంచి వచ్చి చేరింది లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, ప్రభుత్వ సంస్థలో. ఆయన చదివిన బేటన్ రూజ్ మాగ్నెట్ హైస్కూలు కూడా ప్రభుత్వ పాఠశాలే. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఆయన అధ్యక్షుడైంది రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వ్యవస్థకే. అంతకుమించి, ఆసియా వాసులకు అమెరికా తలుపులు బార్లా తెరిచిన 1965 వలస చట్టం ఊరికే రాలేదు. నల్లజాతివారు లాఠీలకు, కుక్కలకు, జైళ్లకు ఎదురొడ్డి నడిపిన పౌరహక్కుల ఉద్యమం ఆ దేశ మనస్సాక్షిని కదిలించిన రోజుల్లో వచ్చిన చట్టమది. ఇతరుల త్యాగంతో వేసిన నిచ్చెన మీదుగా వచ్చిన కుటుంబం వారిది.

ఇక ఆయన బడ్జెట్లు. పదవిలోకి వచ్చేనాటికి రాష్ట్రానికి దాదాపు 100 కోట్ల డాలర్ల మిగులు ఉంది. తుపాను అనంతర పునర్నిర్మాణ సొమ్ము, పెరిగిన చమురు ధర కలిసి తెచ్చిన తాత్కాలిక కలిమి అది. దాన్ని శాశ్వతమనుకుని 2008లో ఆదాయపు పన్ను తగ్గించారు. అంతకు ఆరేళ్ల ముందు లూసియానా ఓటర్లు ఒక న్యాయమైన ఏర్పాటుకు ఆమోదం తెలిపారు. తిండి సరుకుల మీద, ఇంటి కరెంటు, నీటి బిల్లుల మీద రాష్ట్ర అమ్మకం పన్ను ఎత్తివేసి, ఆ మేరకు పై ఆదాయ వర్గాల పన్ను పెంచే ఏర్పాటది. అందులో పైవర్గాలు కట్టాల్సిన భాగాన్ని 2008 చట్టం వెనక్కి తీసుకుంది. మొదట తటపటాయించిన జిందాల్, ఆ తరవాత సంతకం పెట్టి, రాష్ట్ర చరిత్రలోనే అతి పెద్ద పన్ను కోత అని చెప్పుకున్నారు. 2013లో మరో అడుగు ముందుకేసి ఆదాయపు పన్నును పూర్తిగా రద్దుచేసి అమ్మకం పన్ను పెంచుతామన్నారు. కూలివాడూ కోటీశ్వరుడూ ఒకే రేటున కట్టే పన్ను అది. సొంత పార్టీవారు సైతం కలిసిరాక దాన్ని విరమించుకున్నారు.

ఖజానాకు గండి పడ్డాక కోత ఎక్కడ పడుతుంది? లూసియానా బడ్జెట్‌లో చాలా పద్దులకు రాజ్యాంగమో చట్టమో రక్షణ కల్పించింది. రక్షణ లేని పెద్ద పద్దులు రెండే: ఉన్నత విద్య, వైద్యం. అందుకే ప్రతి లోటూ కళాశాలల నెత్తిన పడింది. 2008 నుంచి ఏడేళ్లలో ఉన్నత విద్యకు రాష్ట్ర నిధులు సుమారు 70 కోట్ల డాలర్లు తగ్గాయి. 2015 ఏప్రిల్‌లో, జిందాల్ తల్లి చదివిన ఆ విశ్వవిద్యాలయమే, ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటించేందుకు పత్రాలు సిద్ధం చేసుకుంటున్నామని బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది.

పెద్ద విశ్వవిద్యాలయానికి పూర్వ విద్యార్థుల విరాళాలున్నాయి, ఫుట్‌బాల్ ఆదాయముంది. అది తట్టుకుంది. తట్టుకోలేనివి నల్లజాతి విద్యాసంస్థలు. తెల్లవారి విశ్వవిద్యాలయం కోర్టు ఆదేశించేదాకా నల్లజాతి విద్యార్థులకు తలుపు తెరవనందువల్ల పుట్టిన సంస్థలవి. సదరన్ విశ్వవిద్యాలయం 2011 అక్టోబరులో ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటించింది. గ్రాంబ్లింగ్ విశ్వవిద్యాలయానికి రాష్ట్ర నిధులు కొన్నేళ్లలోనే సగానికి పైగా పడిపోయాయి. 2013లో అక్కడి ఫుట్‌బాల్ ఆటగాళ్లు బూజుపట్టిన గదుల్లో ఉండలేమంటూ ఆడాల్సిన మ్యాచ్‌కే వెళ్లలేదు. న్యూ ఆర్లీన్స్‌లోని సదరన్ శాఖను పక్కనున్న మరో విశ్వవిద్యాలయంలో కలిపేయాలని 2011లో జిందాల్ ప్రతిపాదించారు. విద్యార్థులు, నల్లజాతి శాసనసభ్యులు ఎదురు తిరగడంతో ఆ బిల్లు వీగిపోయింది. పద్దు పుస్తకంలో ఏ జాతి పేరూ రాసి ఉండదు. కానీ అందరికీ ఒకే కత్తెర వేస్తే, ముందే బక్కచిక్కినవారికే ఎముక దాకా తెగుతుంది.

నిధుల స్థానంలో వచ్చింది ఫీజుల పెంపు. 2010 చట్టం ప్రకారం కొన్ని లక్ష్యాలు చేరుకునే కళాశాలలు ఏటా పది శాతం దాకా ఫీజు పెంచుకోగలిగేవి. పేదలకు ఉపకార వేతనం లేదా అంటే, ఉంది. అయితే ‘టాప్స్’ అనే ఆ ప్రధాన పథకానికి కుటుంబ ఆదాయంతో నిమిత్తం లేదు, మార్కులే కొలమానం. మంచి బడి, ట్యూషన్లు కొనుక్కోగల ఇంటి పిల్లలకు సర్కారు సొమ్ము, అవి లేని ఇంటి పిల్లలకు అప్పు. ‘ప్రతిభ’ అన్న మాట వెనుక ఎవరి ఆస్తి దాగి ఉంటుందో మన పాఠకులకు వివరించనక్కరలేదు.

2015 బడ్జెట్ మరీ విడ్డూరం. పన్ను పెంచనని ఒక పన్ను వ్యతిరేక సంస్థకు జిందాల్ మాట ఇచ్చి ఉన్నారు. అధ్యక్ష పదవికి పోటీకి సిద్ధమవుతున్నారు. ఖజానాకేమో సొమ్ము కావాలి. అందుకని విద్యార్థి ఒక్కొక్కరిపై సుమారు 1,600 డాలర్ల ‘ఫీజు’ విధించినట్టు, అంతే మొత్తం పన్ను రాయితీ ఇచ్చినట్టు ఒక ఏర్పాటు చేశారు. ఏ విద్యార్థీ డాలరు కట్టడు, ఏ కళాశాలకూ డాలరు ముట్టదు. కాగితం మీద మాత్రం పన్ను పెంపునకు సరిపడా పన్ను కోత చూపించవచ్చు. సొంత పార్టీ శాసనసభ్యులే దాన్ని ఎగతాళి చేశారు. అది చట్టమైన జూన్ నెలలోనే ఆయన అధ్యక్ష పోటీ ప్రకటించారు, నవంబరులో విరమించుకున్నారు.

పాఠశాల విద్యలో ఆయన ఘనకార్యంగా చెప్పుకునేది వోచర్లు. 2012 చట్టంతో, వెనుకబడిన ప్రభుత్వ బడుల్లోని పేద పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు రాష్ట్రమే కట్టే పథకాన్ని రాష్ట్రమంతటా విస్తరించారు. ప్రభుత్వ బడులకు రాజ్యాంగం కేటాయించిన నిధిని ఇందుకు మళ్లించడం చెల్లదని 2013 మేలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 6–1 మెజారిటీతో తీర్పు చెప్పింది. వేరే పద్దు కింద పథకం కొనసాగింది. 2015 డిసెంబరులో ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రకటించిన అధ్యయనం ఇంకా చేదు నిజం చెప్పింది: లాటరీలో వోచర్ దక్కి ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలు, దక్కనివారి కంటే గణితంలో బాగా వెనుకబడ్డారు. లూసియానాలో ఈ ఉపాయం కొత్తదీ కాదు. 1960లలో నల్లజాతి పిల్లలతో కలిసి చదవడం ఇష్టంలేని తెల్లవారికి ప్రైవేటు బడి ఫీజు కోసం రాష్ట్రం డబ్బిచ్చేది. ఫెడరల్ కోర్టు 1967లో దాన్ని కొట్టేసింది.

అయితే ఒక సంగతి దాచకూడదు. ఈసారి వోచర్లు తీసుకున్న పిల్లల్లో అత్యధికులు నల్లజాతివారే. వారి తల్లిదండ్రులు మోసపోయిన అమాయకులు కారు. దశాబ్దాలుగా పాడుబెట్టిన బడి నుంచి బిడ్డను బయటపడేయాలనుకున్నవారు. మన పల్లెల్లో కూలికి వెళ్లే తల్లి అప్పుచేసి ఇంగ్లిషు మీడియం బడికి పంపేదీ అందుకే. తప్పు ఆ తల్లిది కాదు, బడిని బాగుచేయడం మాని చీటీ చేతిలో పెట్టిన పాలకుడిది. 2008 మాంద్యం, చమురు ధర పతనం కూడా కారణాలేనని జిందాల్ పక్షం వాదిస్తుంది. నిజమే. కానీ కష్టకాలంలోనూ పరిశ్రమలకు, సినిమా నిర్మాణాలకు ఇచ్చే పన్ను రాయితీలు ఏళ్ల తరబడి సాగి, కళాశాలలు మాత్రమే పస్తులుంటే, దాన్ని మాంద్యం అనలేం. ఎంపిక అనాలి.

ఆయన ప్రసంగాల్లో తరచూ వినిపించిన మాట: ఇండియన్ అమెరికన్, ఆఫ్రికన్ అమెరికన్ అనే విశేషణాలొద్దు, మనమంతా అమెరికన్లమే అని. ‘మాకు కులం పట్టింపు లేదు’ అనే మన పెద్దకులాల పలుకు వంటిదే ఇది. గాయం లేనివాడికి కట్టు అనవసరంగానే కనిపిస్తుంది.

లూసియానా మనకెందుకు అంటారేమో. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మనకు దూరమయ్యాడు. ఏడు నెలల ఫెలోషిప్ బకాయి 1.75 లక్షల రూపాయలు తన కుటుంబానికి అందేలా చూడమని చివరి లేఖలో కోరాడు. ఒక పద్దులో ఆగిపోయిన సొమ్ముకు ఒక దళిత విద్యార్థి జీవితంలో ఎంత బరువుంటుందో ఆ ఒక్క వాక్యం చెబుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను మనం పోరాడి నిలుపుకున్నాం, నిలుపుకోవాలి కూడా. లక్షల ఇళ్లలో తొలి ఇంజనీరు దానివల్లే వచ్చాడు. కానీ సర్కారు సొమ్ము ప్రైవేటు కళాశాలకు మళ్లి, ప్రభుత్వ కళాశాలలో అధ్యాపక పోస్టు ఖాళీగా ఉండి, చివరికి ఆ బకాయీ ఆగిపోయి, సర్టిఫికెట్ కోసం పిల్లవాడు కాలేజీ చుట్టూ తిరుగుతుంటే, మన చేతిలో మిగిలేదీ చెల్లని చీటీయే.

1927 మార్చిలో బొంబాయి శాసనమండలిలో విద్యా పద్దుపై మాట్లాడుతూ అంబేడ్కర్ ఒక లెక్క అడిగారు. ఎక్సైజ్ రూపంలో ప్రజల నుంచి ఎంత రాబడుతున్నారో, కనీసం అంతయినా వారి చదువుపై ఖర్చుచేయండని. ఏటా మన రెండు రాష్ట్రాల శాసనసభల్లోనూ బడ్జెట్లు వస్తాయి. ఆర్థిక మంత్రి ఏ కులమో, ముఖ్యమంత్రి ఎవరి బంధువో లెక్కించే అలవాటు మనకుంది. ఈసారి ఆ లెక్క పక్కనబెట్టి అంబేడ్కర్ లెక్క వేద్దాం. సారా మీద వచ్చేదెంత, సంక్షేమ హాస్టల్‌కు, సర్కారు కళాశాలకు పోయేదెంత? కేటాయించిన దానిలో మార్చి నెలాఖరుకు నిజంగా విడుదలైనదెంత? జిందాల్ గెలిచిన రోజున నేను ఆయన పుట్టుక చూసి సంతోషించాను. పద్దు పుస్తకం తెరవడం ఆలస్యం చేశాను. ఆ పొరపాటు మన పిల్లల విషయంలో చేయలేను.