పేరెరిగిన బేరము

2024వ సంవత్సరమున దసరాకు ముందు సింగరేణి లాభములలో విస్తరణకు కేటాయించినది పోగా మిగిలినదానిలో 33 శాతము, అనగా 796 కోట్ల రూపాయలు, కార్మికులకు పంచునట్లు ప్రభుత్వము ప్రకటించెను. బెల్లంపల్లి, మందమర్రి వంటి బొగ్గు పట్టణములకు ఏటేట వచ్చు ఈ సొమ్ముకై ఆన్‌లైన్ వర్తక సంస్థలు సెల్‌ఫోనులనిండ ప్రకటనలు గుప్పించుచున్నవి. మన బజారు వర్తకుడు చేయుచున్నదేమి? తానును "ప్రియమైన కస్టమర్" అని వేయిమందికి ఒక్కటే సందేశము పంపుచున్నాడు!

ఆ సంస్థలకు లేని మూలధనము ఇతనికి గలదు. ఎవరు ఏ షిఫ్టున గనిలోనికి దిగుదురో, ఎవరింట పెండ్లి యున్నదో, జీతపు దినము వరకు ఎవరికి ఖాతా నీయవచ్చునో ఇతడెరుగును. ఈ యెరుక ఏ ధరకు దొరకును?

అయినను, పేరుపెట్టి పిలిచి తూకమున మోసగించుటయు, ఖాతా కలదని ధర హెచ్చించుటయు ఆత్మీయత గాదు, అది వల. ముఖమెరుగని సంస్థలే చెడిన సరకును తిరిగి పుచ్చుకొనుచుండగా, మన అంగడిలో "అమ్మిన సరకు వాపసు తీసుకొనబడదు" అను పలక యింకను వ్రేలాడుట సిగ్గుచేటు గాదా?

వర్తకులారా! ముందా పలకను దింపుడు. పిమ్మట పేరుపెట్టి పిలువుడు. ఊరి సొమ్ము ఊర నిలుచుట మీ నమ్మకముపై నున్నది గాని, మీ సందేశములపై లేదు.