పొదుపు ఎవరిది? మీటరు ఎవరిది?

ఏటా డిసెంబరు 14ను జాతీయ ఇంధన పొదుపు దినంగా జరుపుతున్నారు. ర్యాలీలు, వ్యాసరచన పోటీలు, కరపత్రాలు షరా మామూలే. ఈ ప్రచారమంతా చివరకు గృహిణి దగ్గరికే చేరుతుంది. అక్కర్లేని లైటు ఆపమ్మా, ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తెరవకమ్మా అని చెబుతారు. ఇంట్లో కరెంటు వృథా అయితే అది ఆమె అజాగ్రత్త. మిగిలితే ఆమె సుగుణం.

పొదుపు అవసరమే. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం 1979 నుంచి బొగ్గు మండిస్తోంది. చుట్టుపక్కల ఊళ్ళకు బూడిద బాధ కొత్త కాదు. అక్కడ తగ్గే ప్రతి టన్ను బొగ్గూ మన పిల్లల ఊపిరితిత్తులకు మేలే. అయితే పొదుపు చెయ్యమని ఎవరికి చెబుతున్నామో, ఆ నిర్ణయాధికారం ఎవరి చేతుల్లో ఉందో కూడా అడగాలి కదా!

ముందు లెక్క చూద్దాం. 9 వాట్ల బల్బును రోజూ ఒక గంట ఆపితే నెలకు మిగిలేది పావు యూనిట్టు. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. దాని స్థానంలో 30 వాట్ల కొత్తరకం ఫ్యాను పెడితే 11 యూనిట్లు చాలు. అంటే అసలు పొదుపు స్విచ్ దగ్గర లేదు, ఏ వస్తువు కొన్నాం అన్నదాంట్లో ఉంది. మన ఇళ్ళల్లో పెద్ద వస్తువుల కొనుగోలు స్త్రీ నిర్ణయమా? ఎల్‌.ఇ.డి. బల్బు సంగతే చూడండి. ప్రభుత్వ సంస్థ టోకున కొనడంతో 2014లో 310 రూపాయలున్న కొనుగోలు ధర రెండేళ్ళలో 38కి దిగింది. ఇంటింటా ఆ బల్బు వెలగడానికి కారణం చౌక ధర, ఉపన్యాసాలు కాదు.

ఫ్యాన్ల విషయంలోనూ అలాంటి ప్రయత్నం ఇక్కడే మొదలైంది. 2016 ఏప్రిల్‌లో జాతీయ ఫ్యాన్ల పథకాన్ని విజయవాడలో ప్రారంభించారు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంటికి రెండు ఫ్యాన్లు, ఒక్కోదానికి నెలకు 60 రూపాయలు, రెండేళ్ళపాటు కరెంటు బిల్లులోనే వాయిదా. మంచి ఆలోచనే. అయితే అందుకు కరెంటు బిల్లు కాపీ కావాలి. మరి అద్దె వాటాలో ఉండే ఆమెకు బిల్లు ఏది? వాయిదా వెళ్ళి కలిసేది ఇంటి యజమాని బిల్లులో!

రాష్ట్ర విద్యుత్ సంస్థల కార్యాలయం విద్యుత్ సౌధ గుణదలలోనే ఉంది. అదే గుణదలలో, కొండవాలు ఇళ్ళలో, సందుల్లోని చిన్న వాటాల్లో, ఒకే మీటరు మీద రెండు మూడు కుటుంబాలు ఉంటే ఏమవుతుందో చూడండి. 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్టు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు. తలా 70 యూనిట్లు వాడే మూడు కుటుంబాలకు వేర్వేరు మీటర్లుంటే ఒక్కొక్కరికి 177 రూపాయలు, మొత్తం 531. ముగ్గురినీ ఒకే మీటరు మీద కలిపితే 210 యూనిట్లకు 927. ఇతర చార్జీలు పక్కనపెట్టినా దాదాపు 400 రూపాయల తేడా! తక్కువ వాడేవాళ్ళకు తక్కువ ధర అన్న సూత్రం అద్దె ఇంటి గడప దగ్గరే ఆగిపోతోంది. ఇక యజమాని నెలకు ఇంత అని వసూలు చేసే చోట, ఆమె చెమటలు కక్కుతూ ఫ్యాను ఆపినా ఆ లాభం ఆమెది కాదు.

సోలారు సంగతీ ఇంతే. 2024లో వచ్చిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ఇస్తోంది. దానికి సొంత ఇల్లు, సొంత కప్పు ఉండాలి. మన సమాజంలో ఇల్లు ఎవరి పేరున ఉంటుందో వేరే చెప్పాలా?

ఇంకో మాట. పొదుపు పేరుతో ముందు ఆగేది వంటింటి ఫ్యానే. చాలా వంటిళ్ళల్లో అసలు ఫ్యానే ఉండదు. 2015 మే నెల వడగాలులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. అలాంటి ఎండల్లో పొయ్యి దగ్గర నిలబడే మనిషికి గాలి విలాసం కాదు. ఆమె సుఖాన్ని కోసి చేసే పొదుపు పొదుపు కాదు, ఎప్పటిలా త్యాగమే.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ కనెక్షన్ అడిగే హక్కును యజమానితోపాటు ఆ ఇంట్లో నివసించేవారికీ ఇచ్చింది. అద్దెకున్న కుటుంబాలకు విడి మీటరు ఆ హక్కు కిందే రావాలి. కుటుంబ కనెక్షన్లలో భార్య పేరు ఉండాలి. తక్కువ కరెంటుతో నడిచే ఫ్యాన్లను, ఫ్రిజ్‌లను డ్వాక్రా సంఘాల ద్వారా వాయిదాల మీద ఇవ్వాలి. కప్పు లేనివాళ్ళకు ఉమ్మడి సోలారు కేంద్రంలో వాటా ఇచ్చి, ఆ యూనిట్లను వాళ్ళ బిల్లులో తగ్గించాలి. దీనికి ఢిల్లీలో 2019లోనే నిబంధనలు వచ్చాయి.

చార్జీలు ఖరారు చేసేముందు విద్యుత్ నియంత్రణ మండలి ప్రజల అభ్యంతరాలు వినాలని అదే చట్టం చెబుతోంది. చార్జీల పెంపుపై పోరాడిన ప్రజల మీద 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయిన రాష్ట్రం మనది. కరెంటు రేటు నిపుణుల వ్యవహారం మాత్రమే కాదని అప్పుడే తెలిసింది. ఈసారి బహిరంగ విచారణకు స్త్రీల సంఘాలు తమ బిల్లులు, సబ్‌మీటరు లెక్కలు పట్టుకుని వెళ్ళాలి. స్విచ్ ఎప్పుడు ఆపాలో మనకు తెలుసు. మీటరు ఎవరిదో తేలాలి.