తరాల నడుమ వారధి

పని జరిగే ప్రతిచోటా వయోభేదం ఉంటుంది. ఇంట్లో తాత, తండ్రి, మనుమడు ఒకే కప్పు కింద జీవించినట్లే కార్యాలయాలలోనూ, కర్మాగారాలలోనూ భిన్న తరాలవారు కలిసి శ్రమిస్తుంటారు. ఇంట్లో ఏర్పడే పొరపొచ్చాలను అనురాగం సరిదిద్దుతుంది. పనిచోట ఆ బాధ్యత పెద్దరికం వహించినవారిపై పడుతుంది. 'ఈకాలపు పిల్లలకు ఓపిక లేదు' అని పెద్దలూ, 'మా మాట చెవిన పెట్టేవారు లేరు' అని పిన్నలూ వాపోవడం నిత్యం వినిపించేదే. ఈ వివాదంలోని నిజానిజాలను తెలుసుకోవడానికి చలనచిత్ర పరిశ్రమ చక్కని ఉదాహరణ.

హైదరాబాదు జిల్లా షేక్‌పేట మండలంలోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు తెలుగు సినిమాకు పుట్టినిల్లు కావు, మెట్టినిల్లు. మద్రాసులో వేళ్లూనుకొన్న పరిశ్రమ క్రమక్రమంగా ఇక్కడికి తరలివచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు స్థాపించిన అన్నపూర్ణ స్టూడియో 1976లో ప్రారంభమై ఆ రాకకు బలమైన పునాది వేసింది. ఇరవై నాలుగు శాఖలుగా చెప్పుకొనే ఈ రంగంలో చిరకాలం శిష్యరికమే చదువు. క్లాప్ కొట్టడంతో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి గురువు వెంట నడిచి, చూసి నేర్చుకొన్నవారే దర్శకులయ్యారు.

ఆనాటి క్రమశిక్షణకు బలమైన కారణం ఉంది. నాలుగు వందల అడుగుల ఫిల్ము చుట్ట కెమెరాలో సుమారు నాలుగున్నర నిమిషాలకే అయిపోయేది. తీసినది ఎలా వచ్చిందో ప్రయోగశాలలో కడిగిన తర్వాతగాని తెలిసేది కాదు. అందుచేత ముందుగా పలుమార్లు అభ్యాసం చేసి, ఆ తర్వాతే కెమెరా నడిపేవారు. డిజిటల్ కెమెరా వచ్చాక తీసిన దృశ్యాన్ని తక్షణమే చూసుకొని, మళ్లీ తీసే సౌలభ్యం కలిగింది. నేటి యువకులు చేసి చూసి, తప్పు దిద్దుకొని నేర్చుకొంటారు. పెద్దలకు ఇది దుబారాగా తోస్తుంది. పిన్నలకు అది చాదస్తంగా కనిపిస్తుంది. నిజానికి ఇవి స్వభావదోషాలు కావు, పనిముట్లు నేర్పిన అలవాట్లు. ఈ సంగతి గ్రహిస్తే సగం కలహం సమసిపోతుంది.

మిగిలిన సగం పెద్దల నడవడిపై ఆధారపడి ఉంటుంది. 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెతను పలువురు అధికారానికి ఆసరాగా వాడుకొంటారు. కాని వంచడం వేరు, పెంచడం వేరు. ఆజ్ఞతోపాటు కారణమూ చెప్పినప్పుడే పని బోధపడుతుంది. పొరపాటును పదిమందిలో ఎత్తిచూపితే అవమానం మిగులుతుంది. పక్కకు పిలిచి చెబితే పాఠం మిగులుతుంది. శిక్షణ పేరుతో జీతం ఎగవేయడం, శిష్యుని ఆలోచనను గురువు తన పేర చెలామణి చేసుకోవడం ఏ సంప్రదాయమూ సమర్థించని అన్యాయాలు. అటువంటి చోట యువకుడు నిలవకపోతే అది ఓపిక లేకపోవడం కాదు, ఆత్మగౌరవం ఉండటం.

పాత కొత్తలు కలిసి నడవగలవనడానికి సింగీతం శ్రీనివాసరావు జీవితమే నిదర్శనం. 1957లో విడుదలైన 'మాయాబజార్' చిత్రానికి ఆయన కె.వి. రెడ్డి వద్ద సహాయకునిగా పనిచేశారు. తర్వాత తానే దర్శకులై 'పుష్పక విమానం', 'ఆదిత్య 369' వంటి వినూత్న చిత్రాలు తీశారు. 2024లో విడుదలైన 'కల్కి 2898 ఏడీ' చిత్రానికి, నలభై యేళ్లయినా నిండని దర్శకుడు నాగ్ అశ్విన్‌కు మార్గదర్శకునిగా తోడు నిలిచారు. అప్పటికి ఆయన వయస్సు తొంభై రెండేళ్లు. నిర్ణయాధికారం యువకునిదే, అనుభవం మాత్రం వృద్ధునిది. సలహా అడగడం చిన్నతనమని ఒకరు భావించలేదు. చిన్నవాని చిత్రానికి చేయూతనివ్వడం నామోషీ అని మరొకరు తలచలేదు.

యువతకూ బాధ్యత లేకపోలేదు. 'కొత్త ఒక వింత, పాత ఒక రోత' అనుకొనేవాడు రేపు తానూ పాతవాడు కాక తప్పదు. యంత్రం నడపడం నెలలలో పట్టుబడవచ్చు. ఏ దృశ్యాన్ని ఎక్కడ ఆపాలో తెలిసే వివేకం మాత్రం కాలం గడిస్తేగాని రాదు. ఆ వివేకాన్ని పెద్దలు దాచుకోకుండా పంచాలి. పిన్నలు సంకోచించక అడిగి తెలుసుకోవాలి. ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు పరస్పరం గౌరవించుకొన్నప్పుడే ఏ వృత్తి అయినా తరతరాలు నిలుస్తుంది.