ఉద్యోగం మానకుండా ఎంఏ: రోజుకు ఎన్ని గంటలు కావాలి?

ఉద్యోగం చేస్తూనే ఎంఏ చదవాలనుకుంటున్నారా? ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో చరిత్ర, ఇంగ్లిష్ వంటి ఎంఏలకు ఏ డిగ్రీ ఉన్నా చాలు. బీటెక్, బీకాం చేసినవాళ్లూ చేరొచ్చు. కోర్సుకు కనీసం రెండేళ్లు పడుతుంది. గరిష్ఠ గడువు నాలుగేళ్లు.

చేరడం తేలికే. సమయం కుదుర్చుకోవడమే కష్టం. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 80 క్రెడిట్ల ఎంఏకు 2,400 గంటలు. రెండేళ్లలో ముగించాలంటే రోజుకు మూడు గంటలకు పైనే కేటాయించాలి. నాలుగేళ్లకు సర్దుకుంటే గంటన్నర దాటుతుంది.

అసైన్‌మెంట్లను తేలిగ్గా తీసుకోవద్దు. వీటికి 30 శాతం, పరీక్షలకు 70 శాతం వెయిటేజీ ఉంటుంది. రెండింటిలోనూ విడివిడిగా 40 శాతం రావాలి. పరీక్ష ఎంత బాగా రాసినా, అసైన్‌మెంట్ ఇవ్వకపోతే ఆ పేపరు పూర్తయినట్టు కాదు. మొదటి ఏడాది పరీక్షలు మిగిలి ఉన్నా, రెండో ఏడాదికి గడువులోగా రీ-రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు.

డిగ్రీ విలువ మాటేమిటి? గుర్తింపున్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. ఏ విశ్వవిద్యాలయంలో చేరినా, ఫీజు కట్టే ముందు ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య వెబ్‌సైట్‌లో చూసుకోండి.